పదమూడో ఎక్కం

గురువారం పొద్దున మార్లీన్ బువే ఆపిల్ పై పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికే గౌరీశంకర్‌కి అనుమానం వేసింది. సాంత్ ఒడీల్‌లో చెడ్డ కబురు చెప్పడానికి ఎవరూ వట్టి చేతులతో రారు. ముప్పై ఒక్కేళ్ళు ఈ ఊరికి డాక్టరుగా చేశాడు కాబట్టి ఆయనకా సంగతి బాగా తెలుసు. తెచ్చిన పై ఎంత పెద్దదైతే కబురు అంత చెడ్డది. మార్లీన్ తెచ్చింది పెద్ద పళ్ళెమే.

"భుజం ఎలా ఉంది, డాక్?" అంటూ ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్ళు. ఊరి వారసత్వ సంఘానికి అధ్యక్షురాలు, ఆయన పాత పేషెంటు.

"నిక్షేపంలా ఉంది," అన్నాడు గౌరీశంకర్. నిన్న షర్టు తొడుక్కోవడానికి భార్య జానకీదేవి సాయం పట్టాల్సివచ్చిన సంగతి ఈవిడకి చెప్పాల్సిన పనిలేదు.

"సంఘంలో అందరం అనుకున్నాం. ఈసారి పొయ్యి డాక్టర్ మైత్రికి అప్పగిద్దామని. నువ్వు పక్కన కుర్చీ వేసుకుని కూర్చో. ఎలా చెయ్యాలో చెప్పు, చాలు."

గౌరీశంకర్ ఆవిడ తెచ్చిన ఆపిల్ పై వంక చూశాడు. దాని మీద పిండితో ఆకులు కూడా చేసి అతికించింది. ఇంత ముస్తాబు చేసిందంటే సలహా అడగడానికి రాలేదన్నమాట.

ఊరు మిసిసిపీ ఒడ్డున, ఇల్లినాయ్ వైపు, మొక్కజొన్న చేల మధ్య ఉంది. జనాభా ఐదు వందలు. ఎప్పుడో ఫ్రెంచివాళ్ళు వచ్చి నిలువు దుంగలు పాతి, మధ్యలో మట్టీ గడ్డీ కూరి కట్టుకున్న ఇళ్ళు ఇంకా నాలుగు నిలబడే ఉన్నాయి. ఫ్రెంచి మాట్లాడేవాళ్ళు మాత్రం ఒక్కరూ మిగల్లేదు. చర్చి వెనక చెక్కపెంకుల కప్పు కింద మట్టితో కట్టిన రొట్టెల పొయ్యి ఉంది. ఏటా అక్టోబరులో ఒక ఆదివారం దాన్ని వెలిగించి అరవై రొట్టెలు కాలుస్తారు, ఊళ్ళో ప్రతి ఇంటికీ ముక్క వెళ్ళాలి. పంతొమ్మిదేళ్ళుగా ఆ రొట్టెలు కాల్చేది గౌరీశంకరే. రొట్టెలు లోపలికి తోసే పొడుగాటి చెక్కపార పిడి మీద పొయ్యి చూసినవాళ్ళ పేర్లు పదకొండు ఉన్నాయి. ఎవరి పేరు వాళ్ళు చెక్కుకోకూడదు. దిగిపోయేవాడు తరవాతివాడి పేరు చెక్కాలి. ఆయనకి ముందు పొయ్యి చూసిన లియోన్ థీబో, పేరంతా పట్టదని 'గౌరి' అని మాత్రం చెక్కిపోయాడు. ఆడపిల్ల పేరని జానకీదేవి ఇప్పటికీ ఏడిపిస్తుంది. అయినా ఆ పిడి మీద తన పేరు చివరన ఉండటం ఆయనకి ఎంత ఇష్టమో ఆయనకే తెలుసు. దాని కింద ఇంకో పేరుకి చోటుందని ఎప్పుడూ ఆలోచించలేదు.

"ఆ అమ్మాయి అడిగిందా?"

"లేదు లేదు, మేమే అడిగాం. ఎంత సంబరపడిందో! నీకు కూతురులాంటిదే కదా." మార్లీన్ లేచి, గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "అన్నట్టు, ఆదివారం స్టేట్ వాళ్ళు రికార్డింగ్‌కి ఒక మనిషిని పంపుతున్నారు. పొయ్యిలో చెయ్యి పెట్టి నువ్వు చెప్తావు చూడు, అది రికార్డు చేసుకుంటాడట. పాత అలవాట్లన్నీ భద్రం చేస్తున్నారు కదా."

గౌరీశంకర్ కప్పు బల్ల మీద పెట్టబోయి కాఫీ ఒలకబోసుకున్నాడు.

"అదెందుకు?"

"ఎందుకేమిటి డాక్! అది లేకుండా పొయ్యేమిటి!" అనేసి ఆవిడ వెళ్ళిపోయింది.

జానకీదేవి వంటింట్లో గోంగూర ఒలుస్తూ అన్నీ వింది. సెయింట్ లూయిస్ దాకా డ్రైవ్ చేసి తెచ్చుకున్న గోంగూర, ఒక్క ఆకు కూడా పారేయదు. 

"ఏమండీ, ఇప్పుడేం చేస్తారు?" అంది తలెత్తకుండానే. "ఆ మనిషి మిషను పెట్టి మీ నోటిముందు పట్టుకుంటే, అందులో పడేది పదమూడో ఎక్కం."

"నెమ్మదిగా మాట్లాడు."

"ఎవరు వింటారు? విన్నా ఎవరికి అర్థమవుతుంది? పంతొమ్మిదేళ్ళబట్టీ అర్థంకాలేదుగా."

అదీ అసలు సంగతి. మట్టిపొయ్యికి మీటరుండదు. లోపలి వేడి తెలియాలంటే పొయ్యిలో చెయ్యి పెట్టి, లెక్క చెప్పుకుంటూ ఎంతసేపు ఓర్చుకోగలమో చూడాలి. లియోన్ ఒక ఫ్రెంచి ప్రార్థన చెప్పేవాడు. ప్రార్థనలో 'రొట్టె' అనే మాట దగ్గర చెయ్యి లాగేసుకోవాల్సివస్తే వేడి సరిగ్గా ఉన్నట్టు. మాట రాకముందే లాగేస్తే వేడి ఎక్కువ, దాటిపోతే చాలదు. ఊపిరితిత్తులు పాడైపోయి క్లినిక్ మంచం మీద పడుకుని ఆ ముసలాయన గౌరీశంకర్‌కి నెలరోజులు ఆ ప్రార్థన నేర్పాడు. గౌరీశంకర్ నోరు తిరగలేదు. లియోన్ పోయిన ఏడాది, ఊరంతా చుట్టూ నిలబడి చూస్తుండగా, పొయ్యిలో చెయ్యి పెట్టిన గౌరీశంకర్‌కి ఫ్రెంచి ఒక్క ముక్క గుర్తురాలేదు. రేపల్లెలో మూడో తరగతిలో సుబ్బారాయుడు మేష్టారు బెత్తం పట్టుకుని కక్కించిన పదమూడో ఎక్కం మాత్రం తనంతట తనే బయటికొచ్చింది. పదమూడు ఆర్ల డెబ్బై ఎనిమిది దగ్గర చెయ్యి లాగాడు. రొట్టెలు బ్రహ్మాండంగా వచ్చాయి. ఎవరూ ఏమీ అడగలేదు, ఆయనా ఏమీ చెప్పలేదు. రెండో ఏడు చెబుదామనుకున్నాడు. పదో ఏడు వచ్చేసరికి చెప్పడానికి మొహం చెల్లలేదు.

"అర్థమయ్యే మనిషి ఇప్పుడు ఊళ్ళో ఉంది," అన్నాడు గౌరీశంకర్.

జానకీదేవి ఈసారి తలెత్తింది.

మైత్రి ఊరికి వచ్చి రెండేళ్ళయింది. ముప్పై నాలుగేళ్ళ పిల్ల, పుట్టి పెరిగింది ఈ దేశంలోనే, అల్ఫారెట్టాలో. గౌరీశంకర్ రిటైరైతే ఆ క్లినిక్‌కి వచ్చింది. ఊళ్ళో ఇంకో తెలుగు మనిషి ఉంటే బాగుండునని ముప్పై ఒక్కేళ్ళు అనుకున్నవాడు, తీరా వచ్చాక ఆ పిల్లని చూస్తే కడుపులో మండుతోంది. తను వచ్చిన కొత్తలో మగవాళ్ళు ఆయనచేత బీపీ చూపించుకోవడానికే నాలుగేళ్ళు తటపటాయించారు. ఈ పిల్ల వచ్చిన నాలుగో వారానికి వాకిట్లో గుమ్మడికాయలు, తేనె సీసాలు, గుడ్లు. కేఫ్‌లో కిటికీ పక్క కుర్చీ ఆయనది. మొన్న వెళ్తే అందులో ఆమె కూర్చుని ఉంది, పైగా చుట్టూ ఆరుగురు. పోస్టాఫీసులో, బ్యాంకులో, చర్చి మెట్ల మీద అందరిదీ ఒకటే మాట, మీ అమ్మాయి ఎంత మంచిదో. మా అమ్మాయి కాదని చెప్పీ చెప్పీ విసుగొచ్చి మానేశాడు.

"కుళ్ళుకుంటున్నారు మీరు," అంది జానకీదేవి.

"అవును. కుళ్ళుకుంటున్నాను. అయితే ఏం?"

ఆవిడ మళ్ళీ గోంగూరలో పడింది. 

*

శుక్రవారం మధ్యాహ్నం పొయ్యికి మట్టి పని. ఏడాది పొడుగునా ఎండకీ మంచుకీ పైన బీటలు పడతాయి. వాటిని మట్టి కూరి మూసి మెత్తాలి. ఏటి ఒడ్డు బంకమట్టి రెండు తట్టలు, ముక్కలు చేసిన గోధుమగడ్డి ఒక తట్ట. గౌరీశంకర్ ఎడమ చేత్తోనే నీళ్ళు పోస్తున్నాడు. కుడిచెయ్యి భుజం దాటి లేవడంలేదు.

మైత్రి క్లినిక్ బట్టల్లోనే వచ్చింది. షూ విప్పి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, అడక్కుండానే బురదలోకి దిగింది.

"హాయ్ అంకుల్! ఇది ఇలా తొక్కాలా? ఎంతసేపు?"

"బూట్లు వేసుకోవచ్చు. గడ్డి గుచ్చుకుంటుంది."

"పర్లేదు, ఐ లైక్ ఇట్. స్క్విషీగా ఉంది." ఆమె తెలుగు అలాగే ఉంటుంది. మాటల చివర్లు సగం మింగేస్తుంది, మిగతా సగం ఇంగ్లీషు. కానీ ఇంగ్లీషులో మాట్లాడదామని మాత్రం ఎప్పుడూ అనదు. ఆయనతో మాట్లాడితే తెలుగులోనే.

పని నేర్పడంలో గౌరీశంకర్ ఏ లోటూ చేయలేదు. ఎవరూ వేలెత్తి చూపకూడదు. మట్టి ఉండ ఎంత ఉండాలో చూపించాడు. బీటని ముందు తడపాలి, లేకపోతే పాత మట్టి కొత్త మట్టిని పట్టుకోదు. వేలితో లోపలికి నొక్కి, తరవాత అరచేత్తో పైకి లాగాలి. ఓక్ కట్టెలు ఎలా పేర్చాలో, మంట ముందువైపు మొదలుపెట్టి వెనక్కి ఎలా నెట్టాలో, నల్లబడిన లోపలి కప్పు మసి కాలిపోయి తెల్లబడేదాకా ఎందుకు ఆగాలో అన్నీ చెప్పాడు. ఆమె మట్టిచేతులతోనే ఫోన్ తీసి నోట్ చేసుకుంది. మధ్యలో దారిన పోతున్న ఇద్దరు ఆగి "హాయ్ డాక్టర్ మై!" అని చెయ్యి ఊపారు. ఆయన్ని చూసి కూడా ఊపారు గానీ, తరవాత ఊపారు.

"అంకుల్, మరి హీట్ సరిపోయిందని ఎలా తెలుస్తుంది?"

గౌరీశంకర్ నీళ్ళ బకెట్‌లో చేతులు కడుక్కున్నాడు. ఒక్కొక్క వేలూ విడివిడిగా కడుక్కున్నాడు, ఆపరేషన్ ముందు కడుక్కున్నట్టు.

"చేతికి తెలుస్తుంది."

"అంటే?"

"చేస్తూ ఉంటే తెలుస్తుంది."

"ఓకే," అంది మైత్రి. "మా అమ్మమ్మ కూడా రెసిపీ అడిగితే అలాగే చెప్తుంది. బట్ ఐ హావ్ దిస్." బ్యాగులోంచి పిస్తోలులాంటి థర్మామీటరు తీసింది. గోడకి గురిపెట్టి నొక్కితే ఎర్ర చుక్క పడుతుంది, అంకె వస్తుంది.

అది గురిపెట్టిన చోటి వేడే చెబుతుంది, కప్పుకి పెడితే కప్పుది. రొట్టెలు పెట్టే నేల వేడి వేరు. నిప్పులు మూడు గంటలు కూర్చున్న నేల కప్పుకంటే ఎంతో కాగి ఉంటుంది. నిప్పులు ఊడ్చేశాక తడిగోనె చుట్టిన కర్రతో నేల తుడిచి, తలుపు మూసి అరగంట ఆగితేగాని రెండూ సమానం కావు. ఆ సంగతి గౌరీశంకర్ నాలిక చివరిదాకా వచ్చింది.

"బాగుంది. మంచి మిషను," అన్నాడు.

*

శనివారం మైత్రి పన్నెండు రొట్టెలతో ముందస్తుగా చేసి చూసింది. గౌరీశంకర్ కుర్చీలో కూర్చున్నాడు. నిజంగానే కుర్చీ వేశారు, దాని మీద దిండు కూడా. మంట పెట్టడం ఆమె బాగా చేసింది. అంత బాగా చేస్తుందని ఆయన అనుకోలేదు. కప్పు తెల్లబడింది. నిప్పులు బయటికి లాగింది. థర్మామీటరు కప్పుకి గురిపెట్టింది.

"పర్ఫెక్ట్!" అంది. "పెట్టేయనా అంకుల్?"

గౌరీశంకర్ ఒళ్ళో తోలు చేతితొడుగులున్నాయి. వాటిని మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. 

"నీ ఇష్టం," అన్నాడు.

పావుగంటలో వాసన వచ్చింది. తలుపు తీస్తే రొట్టెలు పైన గోధుమరంగులో ముద్దుగా ఉన్నాయి. తిప్పితే అడుగు బొగ్గు. పన్నెండూ అంతే.

గౌరీశంకర్‌కి సంతోషం వేసింది. అబద్ధం ఎందుకు, ఒళ్ళంతా చల్లబడ్డట్టయింది. అది ఎంతసేపో నిలవలేదు. మైత్రి ఒక రొట్టెని ఎత్తి, అడుగుభాగం అందరికీ కనిపించేలా తలమీద పెట్టుకుని పకపకా నవ్వింది. "ఎవరికైనా బొగ్గు కావాలా?" అని కేకేసింది. చర్చి తోటలో బల్లలు వేస్తున్నవాళ్ళంతా వచ్చారు. ఎవరో కత్తి తెచ్చారు, ఎవరో వెన్న తెచ్చారు. నల్లటి భాగం కోసి పారేసి, మిగిలింది నిలబడే తినేశారు. లియోన్ కూడా మొదటిసారి మాడ్చాడని ఒకరన్నారు. మార్లీన్ అయితే మాడిన ముక్కే కావాలని అడిగి తీసుకుంది.

పంతొమ్మిదేళ్ళ కిందట గౌరీశంకర్ కూడా ముందస్తుగా ఇరవై రొట్టెలు చేశాడు. అవీ ఇలాగే మాడాయి. ఎవరూ చూడకుండా వాటిని రెండు సంచుల్లో కుక్కి, కారులో వేసుకుని, కట్ట దాటి నదిలో విసిరేసి వచ్చాడు. మాడినవి కూడా తింటారని ఆయనకి ఎవరు చెప్పారు? అడిగితే కదా. ఆ పిల్లకి అడగాల్సిన అవసరమే రాలేదు. ఆయన కుర్చీలో కూర్చుని, చేతికిచ్చిన వెన్నరాసిన ముక్క పట్టుకుని, తన జీవితంలో ఎవర్ని చూసీ ఇంత కుళ్ళుకోలేదనుకున్నాడు.

జనం సర్దుకున్నాక లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. ఇప్పుడు ఎంత వేడి ఉందో చూడాలనిపించింది. పనేమీ లేదు, అలవాటు. ఎడమచెయ్యి మోచేతి దాకా లోపల పెట్టాడు.

"పదమూడు ఒకట్ల పదమూడు. పదమూడు రెళ్ళ ఇరవై ఆరు. పదమూడు మూళ్ళ ముప్పై తొమ్మిది. పదమూడు నాలుగుల యాభై రెండు. పదమూడు ఐదుల అరవై ఐదు." పొగకి ఎప్పుడూ అక్కడే దగ్గు వస్తుంది. రెండుసార్లు దగ్గాడు. "పదమూడు ఆర్ల డెబ్బై ఎనిమిది."

చెయ్యి తీశాడు. ఇప్పుడు సరిగ్గా ఉంది. నేల తుడిచి అరగంట ఆగి ఉంటే పన్నెండు రొట్టెలూ బంగారంలా వచ్చేవి.

వెనక బకెట్ చప్పుడైంది. మైత్రి నీళ్ళు పట్టుకుని నిలబడి ఉంది.

"అంకుల్, అది నంబర్స్ కదా? ఎక్కాలు?"

"కాదు," అన్నాడు గౌరీశంకర్. "ఫ్రెంచి ప్రార్థన. లియోన్ నేర్పాడు."

మైత్రి ఆయన మొహంలోకి చూసింది. పేషెంటు సిగరెట్లు మానేశానని చెప్పినప్పుడు డాక్టరు చూసే చూపు అది. ఆ చూపు ఆయనా ముప్పై ఒక్కేళ్ళు చూశాడు.

"ఓకే అంకుల్," అని బకెట్ కింద పెట్టి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని ఆయన కలుపుతూనే ఉన్నాడు గానీ తినడంలేదు.

"రేపు నేను రాను. భుజం నొప్పని చెప్పు."

"నేను చెప్పను," అంది జానకీదేవి. "నొప్పి ఉన్నప్పుడు లేదన్నారు. ఇప్పుడు ఉందంటే ఎవరు నమ్ముతారు?"

"ఆ పిల్ల చెప్పేస్తుంది జానకీ. మిషను పట్టుకున్నవాడి ముందే చెప్పేస్తుంది. డాక్టరుగారు ఇన్నాళ్ళూ ఊరిని మోసం చేశారంటుంది. ఫ్రెంచి ఊళ్ళో ఒకే ఒక్క పొయ్యి ఉంటే, దాని దగ్గర నేను చిన్నపిల్లల లెక్కలు అప్పజెప్పాను."

"చెప్తే చెప్పనీండి. రొట్టెలు తిన్నారు కదా అందరూ. ఎవరికైనా అరగలేదా?"

ఆయన చెయ్యి కడిగేసుకున్నాడు.

*

ఆదివారం తెల్లవారేసరికి పొయ్యి మండుతోంది. తొమ్మిదింటికి పూజ ముగించుకుని చర్చిలోంచి వచ్చిన జనం తోటంతా నిండారు. మూడువందలమంది ఉంటారు. ఆడవాళ్ళు కొందరు పాత ఫ్రెంచి తెల్లటోపీలు పెట్టుకున్నారు. పొడుగు బల్లల మీద అరవై పిండిముద్దలు తడిగుడ్డల కింద పొంగుతున్నాయి. రికార్డరు పట్టుకొచ్చిన మనిషి చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, కర్రకి కట్టిన మైకుని పొయ్యి మూతి దగ్గరికి చాపాడు.

మైత్రి నిప్పులు ఊడ్చేసింది. ఈసారి థర్మామీటరు తీయలేదు. గౌరీశంకర్ వైపు తిరిగింది. మూడువందల మొహాలూ ఆయన వైపే తిరిగాయి.

"డాక్," అంది మార్లీన్.

గౌరీశంకర్ కుర్చీలోంచి లేచాడు.  మైకు వంక చూశాడు. ఆ ఇనపముక్కలో పడితే ఇక తీసేసేది ఉండదు. ఎక్కడో ఆఫీసులో ఫ్రెంచి చదువుకున్నవాడు దాన్ని వింటాడు. ఆ తరవాత లియోన్ చెక్కిన పేరుని ఎవరైనా గీకేస్తారా? గీకేసినా అడిగే హక్కు లేదు.

"భుజం బాగాలేదు," అన్నాడు.  "ఆమె చేస్తుంది. ఇప్పుడు ఆమెదే కదా."

తప్పించుకోవడానికే అన్నాడు. కాదు, అంతే కాదు. ఊరంతా చూస్తుండగా ఆ పిల్ల ఏం చెప్పాలో తెలియక నిలబడిపోతే చూడాలని కూడా ఉంది. ఆ ఆశ ఆయనకి స్పష్టంగా తెలిసింది, తెలిసీ కుర్చీలో కూర్చున్నాడు.

మైత్రి చొక్కా చెయ్యి మడిచింది. మోచేతి దాకా పొయ్యిలో పెట్టింది. 

"పదమూడు ఒకట్ల పదమూడు," అంది.

గౌరీశంకర్ కుర్చీ అంచుకి జరిగాడు.

"పదమూడు రెళ్ళ ఇరవై ఆరు. పదమూడు మూళ్ళ..." ఆగింది. పెదాలు కదిలాయి. రాలేదు. రాత్రి ఎవరినో పట్టుకుని నేర్చుకుని ఉంటుంది, సగమే అంటింది. "పదమూడు మూళ్ళ..."

"ముప్పయ్ తొమ్మిదీ," అంది మార్లీన్.

తెల్లటోపీ కింద డెబ్బై ఎనిమిదేళ్ళ మొహం ఎంతో మామూలుగా ఉంది. ఆవిడ పక్కనున్న ఫైర్‌స్టేషన్ మనిషి అందుకున్నాడు. "పడమూడు నాల్గుల యాబయ్ రెండూ." వెనకాల బల్లల దగ్గర్నుంచి ఇంకొందరు. చిన్నపిల్లలు అందరికంటే గట్టిగా, పాటలా. "పడమూడు ఐడుల అరవయ్ ఐడూ." అక్కడ అందరూ ఆగి, రెండుసార్లు దగ్గారు. ఒక్కరు కూడా మర్చిపోకుండా, వరసగా, ఖళ్ళు ఖళ్ళుమని. జానకీదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మైత్రి అప్పటికే, నాలుగుల దగ్గరే చెయ్యి లాగేసుకుని ఊదుకుంటోంది.

రికార్డింగ్ మనిషి హెడ్‌ఫోన్స్ ఒకవైపు జరిపాడు. "అద్భుతం. ఇది పాత ఇల్లినాయ్ ఫ్రెంచేనా? ఇలాంటిది నేనెక్కడా వినలేదు."

 మైత్రి పొయ్యి వైపే చూస్తోంది. ఆమెకి తెలుసు, అయినా చెప్పదు. చెప్పే పని ఆయనకి వదిలేసిందని గౌరీశంకర్‌కి అర్థమైంది.

"ఫ్రెంచి కాదు," అన్నాడు లేచి. "తెలుగు. పదమూడో ఎక్కం. మా ఊళ్ళో మూడో తరగతిలో నేర్పుతారు. లియోన్ నాకు ప్రార్థన నేర్పాడు, నాకు రాలేదు. మీకు చెప్పడానికి సిగ్గేసింది. పంతొమ్మిదేళ్ళు చెప్పలేదు."

మార్లీన్ నొసలు చిట్లించింది.

"డాక్, అది మా నానమ్మలు మమ్మల్ని పడుకోబెడుతూ చెప్పిన ప్రార్థన. ఫ్రెంచి రాకపోతే మాత్రం దాన్ని గుర్తుపట్టలేమా? నువ్వు చెప్పేది అది కాదని మొదటి ఏడాదే లియోన్ భార్య అంది. అది కాదు గానీ రొట్టె మాత్రం బాగుందంది. అప్పట్నుంచీ అది 'డాక్ మాట'. మా మనవలు బురదతో పొయ్యిలు కట్టుకుని ఆడుకునేటప్పుడు అదే చెప్తారు." ఆవిడ టోపీ సర్దుకుంది. "లెక్కలని మాత్రం తెలియదు. నీ దేశం ప్రార్థన అనుకున్నాం."

"మరి ఎప్పుడూ అడగలేదే?"

"నువ్వు చెప్తావనుకున్నాం," అంది మార్లీన్. "దగ్గు కూడా అందులో భాగమే కదా?"

గౌరీశంకర్‌కి కళ్ళు మండాయి. పొగ అనుకోవడానికి అక్కడ పొగ లేదు, నిప్పులు ఎప్పుడో ఊడ్చేశారు. కుర్చీ పక్కకి నెట్టి పొయ్యి దగ్గరికి నడిచాడు. మైత్రి చెయ్యి పట్టుకుని చూశాడు. ఎర్రబడింది, బొబ్బ లేదు.

"నాలుగుల దగ్గరే తీసేశావు కదా. అంటే కాగిపోయి ఉంది. ఆర్ల దాకా ఆగగలగాలి. ఆ గోనె తడుపు. నేల తుడిచి తలుపు వేసెయ్. అరగంట." తరవాత గొంతు తగ్గించాడు. "నిన్న కూడా అంతే అమ్మా. నేల కాగి ఉందని నాకు తెలుసు. చెప్పలేదు."

"తెలుసు అంకుల్," అంది మైత్రి గోనె నీళ్ళలో ముంచుతూ. "ఆ గ్లవ్స్ మీరు ఎన్నిసార్లు మడతపెట్టారో చూశాను."

"మరి ఊరుకున్నావే?"

"కోపం వచ్చింది. చాలా వచ్చింది. ఇంటికెళ్ళి అమ్మమ్మకి ఫోన్ చేశా, మీ మీద కంప్లెయింట్ చెయ్యడానికే. చెప్తూ చెప్తూ మధ్యలో ఎక్కం అడిగా." ఆమె గోనె చుట్టిన కర్ర లోపలికి తోసింది. నేల మీద నీళ్ళు చుయ్యిమన్నాయి. "థర్టీన్త్ ఎక్కం ఎవరికీ రాదంది అమ్మమ్మ. తనకీ మధ్యలో డౌట్ వచ్చింది."

"ఎవరికీ రాకపోవడమేమిటి!" అన్నాడు గౌరీశంకర్.

అరగంట తరవాత ఇద్దరూ పొయ్యి ముందు నిలబడ్డారు. చెయ్యి ఆమెది, ఎక్కం ఆయనది. ఆమె ఒక్కొక్క మాటా ఆయన వెనకాలే అంది. తొందరపడబోతే ఆయన మోచేత్తో పొడిచాడు. ఐదుల దగ్గర ఊరంతా దగ్గింది. డెబ్బై ఎనిమిది దగ్గర మైత్రి చెయ్యి లాగింది, ఆయన తల ఊపాడు. పార మీద మొదటి రొట్టె పెట్టి, లోపలి మూలకి తోసి, పారని చటుక్కున వెనక్కి లాగడం ఆమెకి మూడోసారికి వచ్చేసింది. ఆయనకి అది రావడానికి రెండేళ్ళు పట్టింది.

మొదటి వాయి బయటికొచ్చింది. మైత్రి రొట్టె తిప్పి అడుగున వేలితో కొట్టింది, బోలుగా మోగింది. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆమె పేరు పెట్టి అరిచారు. రికార్డింగ్ మనిషి కూడా మైకు చంకన పెట్టుకుని చప్పట్లు కొట్టాడు.

గౌరీశంకర్ భార్య పక్కకి వచ్చి నిలబడ్డాడు. 

"ఇంకా కుళ్ళుగానే ఉంది జానకీ."

"ఉంటుంది," అంది జానకీదేవి.

మైత్రి రెండో వాయికి నేల తుడుస్తోంది. పార పొయ్యి గోడకి ఆనించి ఉంది. గౌరీశంకర్ దాన్ని ఎడమచేత్తో తీసుకుని, కుర్చీలో కూర్చుని, పిడి ఒళ్ళో పెట్టుకున్నాడు. తన పేరు కింద చెక్కని బొటనవేలితో తుడిచాడు. పేరు చిన్నదే, పడుతుంది.

"చాకు కావాలి," అన్నాడు. "ఎవరిదగ్గరైనా ఉందేమో అడుగు."

జానకీదేవి హ్యాండ్‌బ్యాగ్ తెరిచి, రుమాలులో చుట్టిన చాకు తీసి ఆయన చేతికిచ్చింది. పొద్దున ఇంట్లోంచి బయలుదేరేటప్పుడే వేసుకొచ్చిందట.